వాన లెక్క రాసుకున్న గొర్రెల రైతు – హెర్బర్ట్ గుత్రీ స్మిత్

న్యూజీలాండ్‌లో పేరున్న మనుషులు అనగానే మనవాళ్ళకి ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ, అణువును శోధించిన రూథర్‌ఫర్డ్ గుర్తుకొస్తారు. ఇక్కడి పల్లెల గురించీ, పక్షుల గురించీ చదివే కివీలకు బాగా తెలిసిన మరో పేరు ఉంది. ఆయనే హెర్బర్ట్ గుత్రీ స్మిత్. వృత్తి గొర్రెల పెంపకం. 1882 నుంచి 1940లో కన్ను మూసేదాకా, అంటే 58 ఏళ్ళు, ఒకే నేలను చూస్తూ, చూసిందల్లా రాసుకుంటూ బతికిన మనిషి.

నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయడానికి ఈ దేశం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. చదువుకునే రోజుల్లో, వాన పడితే అందులో ఎంత వాగులోకి వస్తుంది, ఎంత నేలలోకి ఇంకుతుంది అన్న లెక్కకు ప్రోగ్రాములు రాయవలసి వచ్చేది. ఆ సందర్భంలో చదివిన వ్యాసాల్లో టూటిరా అనే ఊరి పేరు పదే పదే కనబడేది. ఆ పేరు పట్టుకుని వెళితే గుత్రీ స్మిత్ దొరికారు. మన పాఠకుల్లో ఇంజనీర్లు ఎక్కువ కాబట్టి ఆయన కథ మీకూ నచ్చుతుందనిపించింది.

స్కాట్లాండ్ నుంచి టూటిరాకు

గుత్రీ స్మిత్ 1862లో స్కాట్లాండ్‌లోని హెలెన్స్‌బరోలో పుట్టారు. ఇంగ్లాండ్‌లో రగ్బీ స్కూల్లో చదువుకున్నారు. అవునండీ, ఇక్కడివాళ్ళు ప్రాణం పెట్టే ఆటకు పేరు వచ్చింది ఆ బడి నుంచే! చదువయ్యాక 1880లో ఓడెక్కి న్యూజీలాండ్ చేరారు. సౌత్ కాంటర్‌బరీలోని పీల్ ఫారెస్ట్‌లో మేనమామ దగ్గర గొర్రెల పని నేర్చుకున్నారు. మన కుర్రాళ్ళు తెలిసినవాళ్ళ ఇంట్లో దిగి, నెమ్మదిగా ఉద్యోగం వెతుక్కున్నట్టే అన్నమాట.

రెండేళ్ళ తరువాత, అంటే 1882లో, బడిలో తోడుగా చదివిన ఆర్థర్ కనింగ్‌హామ్‌తో కలిసి హాక్స్ బేలో టూటిరా అనే గొర్రెల స్టేషన్‌ను కౌలుకు తీసుకున్నారు. నేపియర్ నుంచి వైరోవా వెళ్ళే దారిలో సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది ఆ చోటు. ఇరవై వేల ఎకరాలకు పైబడిన కొండనేల, మధ్యలో అందమైన సరస్సు. ఆ నేల ఎవరిదీ కాని బీడు కాదు, మావోరీలది. ఇప్పుడు ఙాటి కురుమోకిహి అని పిలిచే తెగవారికి ఆ సరస్సు తరతరాలుగా అన్నం పెట్టింది. అందులోని ఈల్ చేపలకు ఎంతో పేరు. ఆ ప్రాంతపు మావోరీలు తమ భూములు చేజారిన తీరు మీద వేసిన దావాలు చాలా కాలం నడిచి, చివరికి 2014 నాటి చట్టంతో పరిష్కారానికి వచ్చాయి. ఈ సంగతి పక్కన పెట్టి టూటిరా కథ చెప్పడం సబబు కాదు.

మొదటి ఏళ్ళు చాలా కష్టంగా గడిచాయి. వీళ్ళకంటే ముందు అక్కడ గొర్రెలు మేపబోయినవాళ్ళు చేతులు కాల్చుకుని వెళ్ళిపోయినవాళ్ళే. 1880లలో ఉన్ని ధరలు పడిపోయి ఉన్నాయి. నేల నిండా మనిషెత్తు బ్రాకెన్ ఫెర్న్. కొన్నేళ్ళకు కనింగ్‌హామ్ తప్పుకున్నారు, గుత్రీ స్మిత్ మాత్రం ఉండిపోయారు. నిదానంగా అప్పులు తీరాయి, మందలు పెరిగాయి. జార్జినాను పెళ్ళి చేసుకున్నారు, వారికి ఒక్కగానొక్క కూతురు బార్బరా.

మామూలుగా అయితే ఇది కష్టపడి పైకొచ్చిన ఒక వలస రైతు కథగా ముగిసిపోవాలి. అలా ముగిసిపోకుండా చేసింది ఆయనకున్న ఒక అలవాటు. కనబడినదాన్నల్లా ఆయన రాసి పెట్టుకునేవారు. ఏ కొత్త మొక్క ఎప్పుడు వచ్చింది, ఎవరి సంచిలో, ఏ గడ్డి విత్తనాల్లో కలిసి వచ్చింది. ఏ పక్షి ఎక్కడ గూడు పెట్టింది. ఏ కొండ ఎక్కడ జారింది. ఎంత వాన పడింది. టూటిరాలో వాన లెక్కలు 1890ల నుంచి ఉన్నాయి. ఈ రాతల నుంచే 1921లో టూటిరా అన్న పుస్తకం వచ్చింది. ఒక్క గొర్రెల స్టేషన్ గురించి అంత పెద్ద గ్రంథమా అని ఆశ్చర్యం వేస్తుంది. రాళ్ళతో మొదలుపెట్టి, నేల, నీరు, అడవి, మావోరీల చరిత్ర, పక్షులు, కలుపు మొక్కలు, గొర్రెలు అన్నీ అందులో ఉన్నాయి.

ఫెర్న్ పోయింది, గడ్డి వచ్చింది

ఇక్కడ కాస్త నేల సంగతి చెప్పుకోవాలి. టూటిరా కొండల అడుగున మెత్తటి మట్టిరాయి, ఇసుకరాయి ఉంటాయి. ఇక్కడివాళ్ళు మట్టిరాయిని పాపా అంటారు. దాని మీద టౌపో వైపు అగ్నిపర్వతాలు వేల ఏళ్ళుగా వెదజల్లిన బూడిద, ప్యూమిస్ పొరలు పరుచుకుని ఉన్నాయి. పై పొర గుల్లగా ఉండి నీటిని త్వరగా లోపలికి లాక్కుంటుంది. కింది పాపా అంత సులువుగా నీటిని దిగనివ్వదు. ఈ రెండింటి మధ్య నీరు చేరితే వాలు మీది మట్టికి పట్టు తప్పుతుంది, కొండచరియ జారుతుంది. కొన్ని వందల ఏళ్ళ కిందట మావోరీలు వచ్చి కాల్చేంతవరకు ఆ కొండల మీద అడవి ఉండేది. ఆ తరువాత ఫెర్న్, పొదలు కమ్ముకున్నాయి.

గుత్రీ స్మిత్, ఆయన ఇరుగుపొరుగు రైతులు చేసిన పని ఆ ఫెర్న్‌ను తగలబెట్టడం, బూడిదలో గడ్డి విత్తనాలు చల్లడం, లేత ఫెర్న్ చిగుళ్ళు తినిపించడానికి గొర్రెల్ని గుంపులుగా తోలడం. ఫెర్న్ అణిగేదాకా ఏళ్ళ తరబడి ఇదే పని. అప్పట్లో దీన్నే భూమిని బాగుచేయడం అనేవారు. ప్రభుత్వమూ, బ్యాంకులూ, సాటి రైతులూ అందరూ మెచ్చుకునే పని.

అయితే ఆయన కళ్ళు ఇంకో విషయం కూడా చూశాయి. మొదట్లో అడుగు వేస్తే దిగబడేంత మెత్తగా ఉన్న నేల వేల గిట్టల కింద అణగి గట్టిపడింది. గొర్రెలు రోజూ నడిచిన చోట కొండవాలు పొడవునా మెట్లు మెట్లుగా కాలిబాటలు పడ్డాయి. పెద్ద వాన వచ్చినప్పుడల్లా వాలు మీద మట్టి పెళ్ళలుగా జారి, గడ్డి పోయి, పసుపుపచ్చని మచ్చలు మిగిలాయి. ఆయన వీటిని ఒక్కొక్కటిగా వర్ణించారు. పెద్ద పెద్ద జారుళ్ళ గురించే కాదు, కంటికి కనబడనంత నిదానంగా మట్టి కిందికి పాకడం గురించి కూడా రాశారు.

ఈ రోజు మనం హైడ్రాలజీ అని పిలిచే శాస్త్రంలో వీటికి లెక్కలున్నాయి. నేల ఒక గంటలో ఎంత నీరు తాగగలదన్నదానికి ఒక హద్దు ఉంటుందనీ, వాన ఆ హద్దు దాటితే మిగతాది పైపైన పారుతుందనీ అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ హార్టన్ 1930లలో చెప్పారు. అప్పటికే గుత్రీ స్మిత్ పుస్తకం వచ్చి పన్నెండేళ్ళు దాటింది. సమీకరణాలు లేకపోయినా అణగిన నేల సంగతి టూటిరా కొండల మీద ఆయన కంటపడింది.

అదే వాన, వేరే వాగు

సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఒక చిన్న లెక్క వేసుకుందాం. అమెరికా మృత్తికా సంరక్షణ శాఖ 1950లలో తయారుచేసిన కర్వ్ నంబర్ పద్ధతి చిన్న వాటర్‌షెడ్‌ల కోసం నేటికీ మన దేశంతో సహా చాలాచోట్ల వాడుతున్నారు. అందులో నేలల్ని నాలుగు రకాలుగా విడగొడతారు. బాగా ఇంకించుకునే ఇసుక నేల మొదటిది, నీటిని దిగనివ్వని బంకనేల నాలుగోది. ఒక హెక్టారు మంచి పచ్చిక మీద ఒకే రోజు 100 మిల్లీమీటర్ల వాన పడిందనుకోండి. అంటే పది లక్షల లీటర్ల నీరు. మొదటి రకం నేలైతే ఆ పద్ధతి ప్రకారం పారే నీరు సుమారు పది వేల లీటర్లు. నాలుగో రకమైతే అయిదు లక్షలు. వాన ఒక్కటే, గడ్డి ఒక్కటే, తేడా అంతా మట్టిదే.

ఇప్పుడు మట్టిని మార్చకుండా పదును మాత్రం మారుద్దాం. రెండో రకం నేల, అదే పచ్చిక, అదే వాన. ముందు రోజుల్లో వానల్లేక నేల ఎండి ఉంటే పారేది సుమారు ఇరవై వేల లీటర్లు. మామూలు తేమ ఉంటే రెండు లక్షలు. అంతకు ముందు వారమంతా వాన కురిసి నేల నాని ఉంటే నాలుగు లక్షల డెబ్బై వేలు! అంటే నానిన మంచినేల దాదాపు బంకనేలలా ప్రవర్తిస్తుందన్నమాట. వరద ఎంత వస్తుందో తేల్చడానికి ఆకాశం వైపు చూస్తే సగం సంగతే తెలుస్తుంది. మిగతా సగం కాళ్ళ కింద ఉంటుంది.

ఇది మన పెద్దలకు తెలియని విషయం కాదు. అదునూ పదునూ చూడనివాడు రైతే కాదు మన ఊళ్ళో. నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చి, తొలకరి నీటిని గటగటా తాగేస్తుంది. ఒకసారి ఉబ్బి నెర్రెలు పూడుకున్నాయా, ఇక చుక్క దిగదు. ఎర్ర చెలకల కథ వేరు. వాన చినుకుల దెబ్బకు పైన పెంకు కట్టి, కింద నేల పొడిగా ఉండగానే నీరు పైనుంచి జారిపోతుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్‌లో ఈ రెండు నేలలూ ఒకే ప్రాంగణంలో ఉన్నాయి. అక్కడి శాస్త్రవేత్తలు చిన్న చిన్న వాటర్‌షెడ్‌లు కట్టి ఏళ్ళ తరబడి కొలిచిన తేడాలు ఇవే. 1999లో రంగారెడ్డి జిల్లా కొత్తపల్లిలో రైతులతో కలిసి చేసిన వాటర్‌షెడ్ పని ఆ కొలతల నుంచే వచ్చింది.

న్యూజీలాండ్‌లోనూ అలాంటి చోటు ఒకటుంది. సౌత్ ఐలాండ్ పడమటి తీరంలో రీఫ్టన్ దగ్గర మైమై అనే చోట, కొద్ది హెక్టార్ల చిన్న చిన్న లోయల్లో 1970ల నుంచి పరిశోధనలు జరిగాయి. అక్కడి నేల ఏడాదిలో ఎక్కువ భాగం తడిగానే ఉంటుంది. వాన పడగానే వాగు పొంగుతుంది. కాని ఆ పొంగిన నీటిని పరీక్షిస్తే అందులో ఎక్కువ భాగం ఆ రోజు పడిన వాన కాదనీ, అంతకు ముందే మట్టిలో నిలవ ఉన్న పాత నీరనీ 1980లలో తేలింది. కొత్త నీరు వచ్చి పాత నీటిని ముందుకు నెడుతోందన్నమాట. నేల ముందే ఎంత తడిసి ఉందన్నది అంత ముఖ్యం!

చివరి ప్రశ్న

మళ్ళీ గుత్రీ స్మిత్ దగ్గరికి వద్దాం. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత స్టేషన్‌లో చాలా భాగం విడిపోయి ఇతరుల చేతికి వెళ్ళింది. చివరికి ఆయన దగ్గర మిగిలింది దాదాపు రెండు వేల ఎకరాలు. ఆయనకు దాని గురించి దిగులు ఉన్నట్టు కనబడదు. పక్షుల ఫోటోలు తీస్తూ దూరపు దీవులకు వెళ్ళారు. మరికొన్ని పుస్తకాలు రాశారు. టూటిరా సరస్సును పక్షులకు రక్షిత ప్రాంతం చేయించారు. 1931లో నేపియర్‌ను నేలమట్టం చేసి 256 మందిని బలిగొన్న భూకంపాన్నీ చూశారు.

1938 ఏప్రిల్‌లో, ఆన్జాక్ డే రోజుల్లో, హాక్స్ బేలో ఎడతెరిపి లేకుండా కుంభవృష్టి కురిసింది. కొండలు వేల చోట్ల జారాయి. టూటిరాకు దక్షిణాన ఉన్న ఎస్క్ లోయ ఒండ్రు కింద మునిగిపోయింది. మన గోదావరి వరదలప్పుడు పొలాల్లో ఇసుక మేటలు వేసినట్టే, అక్కడ తోటలూ, కంచెలూ మీటరు మందం దాటిన బురద మేటల కింద కప్పబడ్డాయి. అదే ఏడాది ఫిబ్రవరిలో ఉత్తరాన కోపువావరా దగ్గర అర్ధరాత్రి వచ్చిన వరదలో రైలుమార్గం వేస్తున్న కూలీల శిబిరం కొట్టుకుపోయి 21 మంది చనిపోయారు. ఈ దెబ్బలతోనే ప్రభుత్వం మేలుకుని 1941లో మృత్తికా సంరక్షణ, నదుల నియంత్రణ చట్టం తెచ్చింది. కొండ మీది మట్టినీ, లోయలోని వరదనూ ఒకే సమస్యగా చూసిన చట్టం అది.

ఆ చట్టాన్ని చూడటానికి గుత్రీ స్మిత్ లేరు. 1940 జులైలో టూటిరాలోనే ఆయన కన్ను మూశారు. పోయేముందు తన పుస్తకం మూడో ముద్రణ కోసం ఒక ముందుమాట రాసి పెట్టారు. అది 1953లో అచ్చయింది. అరవై ఏళ్ళ పాటు అభివృద్ధి అనుకుంటూ చేసిన పని నిజంగా ఈ భూమికి మేలేనా, లేక దాన్ని పాడుచేసి దానికే బాగుచేయడమని పేరు పెట్టుకున్నానా అని అందులో ఆయన తనను తాను అడుగుతారు. జవాబు తేల్చి చెప్పలేదు. కాని ఆ ప్రశ్న వేసుకున్న రైతులు ఆ కాలంలో ఎంతమంది ఉంటారు? ఆస్తీ, పేరూ, గౌరవమూ అన్నీ ఏ పని వల్ల వచ్చాయో ఆ పని మీదే ప్రశ్న వేయడానికి ధైర్యం కావాలి.

సరస్సు ఇచ్చిన జవాబు

ఆయన వదిలిన ప్రశ్నకు అర్ధ శతాబ్దం తరువాత ఆయన సరస్సే కొంత జవాబు చెప్పింది. టూటిరా సరస్సు ఏడు వేల ఏళ్ళ కిందటో అంతకు కొంచెం ఇటో ఒక పెద్ద కొండ జారి లోయకు అడ్డుపడటంతో ఏర్పడింది. చుట్టూ సుమారు 32 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం. అక్కడ కొట్టుకొచ్చే మట్టి చాలావరకు సరస్సు అడుగున పొరలు పొరలుగా పేరుకుంటుంది. మన చెరువుల్లో పూడిక లాంటిదే. కాకపోతే ఇక్కడ ఎవరూ పూడిక తీయలేదు కాబట్టి ఆ పొరలు చరిత్ర పుస్తకంలా మిగిలిపోయాయి.

1988 మార్చిలో బోలా తుపాను వచ్చి టూటిరాలో నాలుగు రోజుల్లో 750 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఆ తరువాత మైక్ పేజ్, నోయెల్ ట్రస్ట్రమ్ వంటి శాస్త్రవేత్తలు సరస్సు అడుగు నుంచి గొట్టాలతో మట్టి తీసి పొరలు చదివారు. ఏ పొర ఏ తుపానుదో పోల్చుకోవడానికి వాళ్ళకు తోడ్పడింది ఏమిటో తెలుసా? టూటిరాలో 1890ల నుంచి ఎడతెగకుండా రాసి ఉంచిన వాన లెక్క! ఎవరికి పనికొస్తుందో తెలియకుండా మొదలైన ఆ రోజువారీ రాత, తొంభై ఏళ్ళ తరువాత మట్టి పొరలకు తేదీలు వేసింది.

వాళ్ళు తేల్చినదాని ప్రకారం, గొర్రెల పచ్చిక వచ్చాక సరస్సులో పూడిక చేరే వేగం ఫెర్న్ ఉన్న కాలంకంటే అయిదారు రెట్లు, అడవి కాలంకంటే ఎనిమిది రెట్లకు పైన పెరిగింది. తరువాత 2003లో తీసిన 27 మీటర్ల పొడవైన మట్టి నమూనాలో ఏడు వేల ఏళ్ళ తుపాన్ల గుర్తులు, వెయ్యికి పైగా పొరలు కనిపించాయి. తుపాన్లు అడవి ఉన్న రోజుల్లోనూ వచ్చాయి. తేడా వచ్చింది ఆ వానను నేల అందుకునే తీరులో.

ఇది పాత కథ అనుకోవడానికి వీల్లేదు. 2023 జనవరి 27న ఆక్లండ్‌ను ముంచెత్తిన వరద మనలో చాలామంది ఇళ్ళ ముందుకు వచ్చింది. ఇక్కడి బంకనేల నాని ముద్దయింది. మూడు వారాలు తిరగకుండానే గాబ్రియెల్ తుపాను వచ్చింది. మురివాయ్‌లో తడిసి ఉన్న కొండ జారి ఇద్దరు అగ్నిమాపక స్వచ్ఛంద సేవకులు ప్రాణాలు కోల్పోయారు. హాక్స్ బేలో ఎస్క్ లోయ, 1938లో లాగే, మళ్ళీ ఒండ్రు కింద మునిగింది. నేపియర్-వైరోవా దారి తెగి టూటిరా ఊరు ఒంటరిగా మిగిలింది. దేశం మొత్తం మీద 11 మంది పోయారు.

మనలో చాలామంది ఇక్కడ ఇళ్ళు కొంటున్నాం, కొందరు ఊరి బయట లైఫ్‌స్టైల్ బ్లాకులూ కొంటున్నారు. బడి ఎంత దూరం, మోటర్‌వే ఎంత దూరం అని అడుగుతాం. ఆ ఇంటి వెనక కొండ ఏ మట్టిదో, పైన ఏం పెరుగుతోందో, వరుసగా వారం వానలు పడ్డాక ఆ నీరు ఎటు పోతుందో కూడా అడగడం మంచిది. కౌన్సిల్ దగ్గర వరద మ్యాపులు ఉంటాయి. వాటితో పాటు ఒక వర్షాకాలం ఆ చోట నడిచి చూడండి.

టూటిరాలో ఆయన దగ్గర చివరికి మిగిలిన నేలలో కొంత భాగం ఇప్పుడు గుత్రీ స్మిత్ పేరున ఒక ట్రస్టు చేతిలో ఉంది. అక్కడ రకరకాల చెట్లు పెంచుతున్నారు. హాక్స్ బే వైపు సెలవులకు వెళ్ళినప్పుడు నేపియర్‌లో ఆగిపోకుండా ఇంకో ముప్పావు గంట ముందుకు వెళ్ళి ఆ సరస్సు చూసి రండి. పిల్లల్ని తీసుకువెళ్ళండి. ఒడ్డున నిలబడి చుట్టూ కొండల మీద గొర్రెల బాటలు, పాత జారుళ్ళ మచ్చలు వాళ్ళకి చూపించండి. ఒక మనిషి 58 ఏళ్ళు వీటినే చూస్తూ లెక్క రాసుకున్నాడని చెప్పండి.